సాయం అనే పని

ఆఫీసులో అందరూ ఆవిడ వెనకాల పిలుచుకునే పేరు మళ్ళీ మేడం. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, తెలియనట్టు ఊరుకుంటుంది. కూలి చట్టాలూ పనిగంటలూ సరిగ్గా అమలవుతున్నాయో లేదో చూసే ఇన్‌స్పెక్టర్లు నలుగురు ఆవిడ చేతికింద ఉన్నారు. పాపం వాళ్ళు ఎండనపడి తిరిగి, చెమటలు తుడుచుకుంటూ రిపోర్టు తెచ్చి టేబుల్ మీద పెడితే, ఆవిడ చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, "బాగా రాశారు నాయనా. మళ్ళీ వెళ్ళి అడగండి" అంటుంది. ఒళ్ళు మండదూ మరి! ఇంట్లోనూ అదే వరస. వంట చేసేది వాళ్ళాయన. "కూరలో ఉప్పు వేశావా అని మూడుసార్లు అడిగే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను, గవర్నమెంటు నాక్కూడా పెన్షన్ ఇవ్వాలి" అంటాడు.

ఒక పొద్దున ఆవిడ సంచీ ఇంకా భుజం మీద ఉండగానే ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, గొంతు తగ్గించి మాట్లాడుతోంది. చొక్కాలు కుట్టే ఫలానా కంపెనీలో ప్యాకింగ్ సెక్షనట. రాత్రి బాగా పొద్దుపోయాక గానీ వదలరట.

"నాకో కూతురుంది మేడం, చిన్నపిల్ల. బడి నుంచి వచ్చాక పక్కింటావిడ చూసుకుంటుంది. ఆవిడ చీకటి పడగానే డ్యూటీకి వెళ్ళాలి కదా, దాన్ని లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్తుంది. ఫోను దాని దగ్గరే వదిలేస్తాను. నేను వెళ్ళేసరికి ఏడ్చి ఏడ్చి తలుపు దగ్గరే పడుకుని ఉంటుంది. ఏ నిప్పో అంటుకుంటే..." అని ఆగిపోయింది. "నా పేరు మాత్రం అడక్కండి" అని పెట్టేసింది.

మేడం ఆ పేరు కోసం ఆరా తియ్యలేదు. సంచీ దించకుండానే పొడుగు ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి పంపింది.

పొడుగాయన మంచివాడే, కష్టపడతాడు. కాకపోతే నిలబడి ప్రశ్న వేస్తే కూర్చున్నవాళ్ళకి పోలీసులా కనిపిస్తాడు. పగలోసారి, చీకటిపడ్డాక ఇంకోసారి వెళ్ళొచ్చాడు.

"ఏమీ లేదు మేడం. 'ఆరు దాటాక పని చేయిస్తున్నారా' అని ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా అడిగాను. లేదన్నారు. అబద్ధం చెప్పే మొహాలు నేను చూడలేదా? ఒక్కళ్ళూ తడబడలేదు. చీకటిపడ్డాక వెళ్తే మిషన్లన్నీ ఆపి గుడ్డలు కప్పేసి ఉన్నాయి. ఆడవాళ్ళు కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు."

"కబుర్లు నోటితో చెప్తారు. చేతులేం చేస్తున్నాయి?"

"చేతులా? ఊరికే చొక్కాలకి దారాలు కత్తిరిస్తూ, మడతలు పెడుతూ..."

"ఊరికేనా?"

"పని కాదని వాళ్ళే అన్నారు మేడం!"

"మరేమన్నారు దాన్ని?"

"అది... అడగలేదు."

మళ్ళీ అనే మాట ఆవిడ నోటిదాకా వచ్చిందో లేదో, ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. "ఈసారి మీరే రండి మేడం, మీ నోటితోనే అడగండి" అనేశాడు. అప్పటికే పై ఆఫీసరు, "ఎవరో కిట్టనివాళ్ళు చేసిన ఫోనమ్మా, ఈ వారం దాటకుండా ఫైలు మూసెయ్యండి" అని చెప్పి ఉన్నాడు. సరేనని ఆవిడ చెప్పులేసుకుంది.

భోజనాలవేళ వెళ్ళారు. మేడ మీద పొడుగాటి హాలు, కిటికీలకి దూది పీచులు, ఇస్త్రీ ఆవిరికి తడిసిన గోడలు. ఓనరు నవ్వుతూ ఎదురొచ్చి కూల్‌డ్రింకులు తెప్పించబోయాడు. "మాదంతా ఒక కుటుంబం మేడం" అన్నాడు.

"అలాగా! మీ ఇంటావిడ ఏ సెక్షన్లో మడతలు పెడతారు?" అంది ఆవిడ. ఓనరు మొహాన నవ్వు అలాగే బిగుసుకుపోయింది. పొడుగాయన ఆయన్ని లైసెన్సులు చూపించమంటూ కింది గదిలోకి లాక్కెళ్ళాడు.

ఆవిడ వెళ్ళి ప్యాకింగ్ వాళ్ళ మధ్య ఒక అట్టపెట్టె మీద కూలబడింది. అది కాస్తా నొక్కుకుపోయి ఆవిడ సగం లోపలికి దిగింది. ఆడవాళ్ళందరూ పకపకా నవ్వి, చేయిచ్చి లేపారు. ఇక భయమేముంది? ఒకామె తన గిన్నె ముందుకు జరిపి తినమంది.

"పని ఎన్నింటికి అయిపోతుందమ్మా?"

"ఆరింటికేనమ్మా. ఆరు కొట్టగానే మిషన్లు కట్టేస్తారు."

"ఇంటికెళ్ళిపోతారా మరి?"

"ఇంటికెలా వెళ్తాం? సాయం ఉంటుందిగా!"

ఎంత మామూలుగా అందంటే, పక్కనున్నవాళ్ళు తల కూడా ఎత్తలేదు. మళ్ళీ మేడం మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయింది. పొడుగాయన తప్పుగా అడగలేదు, వీళ్ళు అబద్ధం చెప్పలేదు. పని అంటే మిషను తిరగడం. మిషను ఆగాక చేసేదానికి ఈ హాల్లో వేరే పేరుంది.

"ఎవరికి సాయం?"

"ఓనరుగారికి. లోడు వెళ్ళాలి కదమ్మా."

"రోజూ వెళ్తుందా లోడు?"

"రోజూ వెళ్తుంది."

"ఒకరోజు ఒంట్లో బాగోలేదు, నేను సాయం చెయ్యలేనంటే?"

గిన్నె జరిపినామె మూత పెట్టేస్తూ, "మర్నాడు గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు" అంది.

"తల్లీ, చెయ్యనంటే ఊరుకోనిదాన్ని సాయం అనరు. అదీ పనే. దానికీ జీతముంటుంది, ఇష్టం లేకపోతే వెళ్ళిపోయే హక్కూ ఉంటుంది."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరు ఫోన్ చేశారో ఆవిడకి తెలియలేదు, తెలుసుకోవాలనీ చూడలేదు.

పొడుగాయన ఆ సాయంత్రం నుంచే, 'సాయం' అనే మాటతోనే, అందరినీ అడిగాడు. ఈసారి ఆయనే కింద చాప మీద కూర్చున్నాడు. పై ఆఫీసరు ముందు గొణిగాడు, రిపోర్టు చదివాక సంతకం పెట్టాడు. ఓనరు, "మాదంతా ఒక కుటుంబం" అని చాలాసేపు చెప్పి చూసి, చివరికి నోటీసు పుచ్చుకున్నాడు. చేయించుకున్న సాయానికంతటికీ జీతం కట్టాడు. ఆరు తర్వాత ఉండేదీ వెళ్ళేదీ ఇక వాళ్ళ ఇష్టమేనని గేటుకి బోర్డు పెట్టాడు. లోడు కోసం రెండో షిఫ్టుకి కొత్తవాళ్ళని తీసుకున్నాడు.

అయినా ఆవిడకి మనసు ఊరుకుంటేనా! బోర్డుదేముంది, ఎవరైనా పెడతారు. ఆ పిల్ల మాటేమిటి? వారం తర్వాత ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా, ఇది కూడా విచారణలో భాగమేనని తనకి తనే నచ్చజెప్పుకుని ఆవేళ ఫోను వచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తగానే గోలగోలగా పిల్లల కేకలు, ఎవరో పరిగెడుతున్న చప్పుడు.

"ఎవరూ?" అంది రొప్పుతున్న చిన్న గొంతు.

"నేను... అమ్మ ఉందా బంగారం?"

"ఇంట్లో ఉంది. నేను వీధిలో ఉన్నా. ఇప్పుడు నా వంతు, వాళ్ళు దొంగాట ఆడేస్తున్నారు! నువ్వు తర్వాత చెయ్యి."

ఠక్కున పెట్టేసింది. లోకాన్నంతా తిప్పి తిప్పి అడిగే మనిషి, ఆ పిల్లని ఇంకొక్క మాట అడగలేక, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆఫీసులో అందరి ఎదుటా ఏడ్చేసింది.