బజారు బావి నోటీసు

సూర్యాపేటల ఒక ప్రెస్సుల అక్షరాలు పేర్చుడు నా పని. ప్రెస్సు నడిపే మా దొరది వారపత్రిక. అచ్చయినంక కట్టలు గట్టి కోదాడ, మిర్యాలగూడెం బస్సులకు ఎక్కించేటోళ్లం. బావులు అందరియి, అంటరానితనం పాపం అని ఆయన వారం వారం రాసేది. ఆ రాతలన్ని సీసపు అక్షరాల్ల పేర్చింది నేను, మాలవాడ మనిషిని. ప్రెస్సుల నాకు దూపైతే మాత్రం కుండ ముట్టనియ్యకపోయేది. ఎవలన్న పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేది. గిదేందని నేను ఎన్నడు అడగలే. పని ఇచ్చిండు, గంతే సాలనుకున్న.

నిజాం రాజ్యం పోయినంక దొరను సూర్యాపేట టౌన్ కమిటీకి చైర్మన్ చేసిండ్రు. దండలేసిండ్రు. నాకు నిజంగనే సంబురమైంది, అబద్ధమెందుకు. ఆ ఎండకాలం మా వాడ బావి ఎండింది. నా పెండ్లాం అప్పుడు నిండు సూలాలు. నెత్తిన బిందె పెట్టుకొని ఊరవతలి వాగు దాక పోయొస్తుంటె నాకు పాణం ఆగలే.

"మా దొరే పెద్ద అయిండు గదా, బజారు బావికి పో. ఎవలన్న అడిగితే పేపర్ల రాసిండని చెప్పు" అన్న.

ఎంత ఎడ్డోణ్నో సూడుండ్రి. పేపర్ల అచ్చయితే ఊళ్లె అయినట్టే అనుకున్న. పొద్దంత అచ్చు నడుమ బతికేటోడు చేసే తప్పు అది.

ఆమె పోయి తాడు పట్టుకున్నది. బావికాడి పెద్ద కులపోళ్లు బిందె గుంజి పారేసిండ్రు, ఆమెను నూకిండ్రు. నడుము మీద పడ్డది. కడుపుల బిడ్డ దక్కుతదా లేదా అని మంత్రసాని రెండు దినాలు ఏం చెప్పలే.

మూడోనాడు బిడ్డ కదిలింది. ఆనాడే దొర పిలిచిండు. "నువ్వు మావోడివే. గని జర ఓపిక పట్టాలె. ఊరు ఊకుంటదా?" అనుకుంట కాయితం చేతుల పెట్టిండు. ఆయన దస్తూరే. మా వాడోళ్లు తాడు ముట్టొద్దు, అందరు తోడుకున్నంక ఒక మనిషి తోడి పోస్తడు అని ఉన్నది. కోపం వచ్చింది. గని ఈ పని పోతే ఇంకో పని ఎవలిస్తరు? పేర్చిన.

సాయంత్రం నోటీసు బావి గోడకు అంటిచ్చిండ్రు. మా వాడల సదువొచ్చింది నాకొక్కనికే. అందరు సదవమంటే సదివిన. నా పెండ్లాం నడుము పట్టుకొని నిలబడి ఇన్నది.

"నువ్వే పేర్చినవా?" అన్నది.

"అవు" అన్న.

"తప్పుల్లేకుంట పేర్చినవా?"

"ఒక్కటి లేదు" అన్న.