చేత్తో తూచి కొన్న కంప్యూటర్

మా చెల్లెలు పోయాక ఆమె గురించి చాలామంది మంచి మాటలు చెప్పారు. ఓపికస్తురాలనీ, ఎవరినీ నొప్పించేది కాదనీ. అలాంటి మాటలు ఎవరి గురించైనా చెప్పవచ్చు. నిజానికి ఆమెకు ఓపిక తక్కువ. పాలు పోసే ఆయన్ని కూడా వారానికోసారి నొప్పించేది. నేను గట్టిగా చెప్పగలిగినది ఒక్కటే. కంప్యూటర్ భాగాలు ఎంచుకోవడం ఆమెకు తెలిసినంతగా నేనెరిగిన వాళ్లలో ఇంకెవరికీ తెలియదు. అది నేను దగ్గరుండి చూశాను.

రెండు వేల పదికి ఇంకా రెండేళ్లుందనగా జరిగిన సంగతి ఇది. అప్పుడు మేము పెదపాడులో ఉండేవాళ్లం. నాన్నగారిది మోటార్ల వైండింగ్ షాపు. చేపల చెరువుల దగ్గర కాలిపోయిన నీటి మోటార్లు ఆయన దగ్గరికి వచ్చేవి. పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి పంపేవారు. కొల్లేరులో ప్రభుత్వం వాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఆ పని సగానికి పడిపోయింది. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవాణ్ణి. చెల్లెలు తాడేపల్లిగూడెంలో సివిల్ డిప్లొమా చదివి, కొన్నాళ్లు ఏలూరులో ఒక ఆఫీసులో ప్లాన్లు గీసి, అది మానేసి ఇంటి దగ్గరే త్రీడీ బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. కట్టబోయే ఇల్లు కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో చూపించే పని. పని లేనప్పుడు అదే కంప్యూటర్‌లో కార్ల రేసు ఆడేది. అందులో ఆమెకు సిగ్గేమీ ఉండేది కాదు.

ఆ ఏడు ఏలూరులో ఒక ఇంజినీరు గారు ఆమెకు కల్యాణ మండపం పని ఇచ్చారు. బయటి రూపంతో పాటు, హాల్లో నడిచి వెళ్తున్నట్టు రెండు నిమిషాల వీడియో కూడా కావాలి. ఇరవై రోజుల గడువు. అది చేసి ఇస్తే ఆయన పనులన్నీ ఇక ఆమెకే వస్తాయి. లేకపోతే విజయవాడ వాళ్లకు పోతాయి, ఆమె మళ్లీ ఎవరి ఆఫీసులోనో గీతలు గీయడానికి పోవాలి.

పాత కంప్యూటర్ మొదటి రోజే ఆ పని మోయలేనని చెప్పేసింది. ఒక్కో దృశ్యాన్ని వెలుగునీడలతో సహా లెక్కగట్టడానికి దానికి గంటలు పట్టేది. సాయంత్రం చెరువుల మోటార్లు వేసేసరికి ఊళ్లో వోల్టేజి పడిపోయేది, బల్బు ఎర్రబడేది, కంప్యూటర్ ఆగిపోయేది. చేసిందంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

కొత్తది కొనాలనుకున్నాం. నాకు చదివే అలవాటుంది కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకున్నాను. కంప్యూటర్ పత్రికలు నాలుగైదు తెచ్చుకుని చదివి ఒక జాబితా రాశాను. నాలుగు కోర్ల ప్రాసెసర్, దానికి తగిన బోర్డు, ర్యామ్, మాకు అందే వాటిలో అన్నిటికంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు. చివర, ఇవన్నీ బిగించే పెట్టెకు క్యాబినెట్ అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ఆ జాబితా చూసుకుని నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఏలూరులో షాపాయన దాన్ని చదివి మెచ్చుకున్నాడు.

"మాస్టారు బాగా చదివే వచ్చారండీ. ఎస్‌ఎంపీఎస్ బెంగ కూడా లేదు మీకు, క్యాబినెట్‌తో పాటే వచ్చేస్తుంది. నాలుగొందల యాభై వాట్లు" అన్నాడు.

ఎస్‌ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి అందించే ఇనుప డబ్బా. అప్పట్లో దాన్ని ఎవరూ విడిగా కొనేవారు కాదు. సంచితో పాటు వచ్చే తాడులా చూసేవారు.

"అది విప్పి ఒకసారి నా చేతికిస్తారా అండీ?" అంది చెల్లెలు.

"విప్పడం ఎందుకమ్మా, కొత్తదే."

"కొత్తదని తెలుసండీ. బరువు చూడాలి."

ఆయన విప్పి ఇచ్చాడు. ఆమె అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించింది.

"ఏవండీ, మీరు కంప్యూటర్ కొనడానికొచ్చారా, చేపలు కొనడానికొచ్చారా?" అన్నాడాయన. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

"చేపైతే మొప్పలు ఎత్తి చూస్తే తెలిసిపోతుందండీ. దీనికి మొప్పలు లేవు కదా" అంది ఆమె. మళ్లీ నవ్వారు. ఈసారి ఆయన మీద.

నేను మాత్రం సిగ్గుతో రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. అది నాన్నగారి పద్ధతి అని నాకు తెలుసు. ఆయన మోటారు మీది రేకును నమ్మేవారు కాదు. ఐదు హార్స్ పవర్ అని ఉంటుంది, విప్పితే మూడుకు సరిపడా రాగి కూడా ఉండదు. రాగి తగ్గిస్తే బరువు తగ్గుతుంది, బరువు మాత్రం అబద్ధం చెప్పదు అనేవారు. చిన్నప్పటి నుంచీ షాపులో ఆయన పక్కన కూర్చుని చెల్లెలు అది నేర్చుకుంది. నేను పుస్తకం పట్టుకుని ఇంట్లో కూర్చున్నాను.

"ఇందులో ఏమీ లేదండీ. ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. ఇంకోటి చూపించండి" అంది.

ఆయన కాసేపు ఆలోచించి అటక మీద నుంచి ఒక పెట్టె దించాడు. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివే విద్యార్థి ఎవరో తెప్పించమని చెప్పి, మళ్లీ రాలేదట. చేతికి రెండింతల బరువుంది. ఆమె దాని మీది అక్షరాలు చదివింది. ఎన్ని వాట్లు ఇస్తుందో కాదు, ఎంత వోల్టేజి మీద పనిచేస్తుందో. నూరు నుంచి రెండు వందల నలభై వరకు అని రాసి ఉంది. నేను చదివిన పత్రికల్లో ఎక్కడా ఆ వరుస గురించి లేదు. ఆ పత్రికలు రాసేవాళ్ల ఊళ్లలో సాయంత్రం చెరువుల మోటార్లు వేయరు.

ఆమె నా జేబులోంచి పెన్ను తీసుకుని, నా జాబితాలో గ్రాఫిక్స్ కార్డు కొట్టేసి దాని కింది రకం రాసింది. వెలుగునీడల లెక్క చేసేది ప్రాసెసరే కాబట్టి దాన్ని అలాగే ఉంచింది. మిగిలిన డబ్బుతో ఆ బరువు డబ్బా తీసుకుని, ర్యామ్ పెంచింది.

"ఆ కార్డు లేకపోతే నీ రేసు ఏమవుతుందే?" అన్నాను.

"కారు కాస్త నెమ్మదిగా పోతుందిలే అన్నయ్యా. మండపం మధ్యలో ఆగకూడదు."

ఇంటికొచ్చాక భాగాలన్నీ ఆమె చెప్పిన వరుసలో నేను బిగించాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించింది ఆమె. ఇక పని మొదలుపెడుతుందనుకుంటే, మర్నాడు మధ్యాహ్నం దాన్ని నాన్నగారి షాపుకు మోయించింది. అక్కడ డిమ్మర్ ఉంది. పిడి తిప్పితే వోల్టేజి పెరగడం, తగ్గడం జరిగే గుండ్రటి యంత్రం. మోటార్లను దాని మీదే పరీక్షించేవారు.

"కాలిపోతే మళ్లీ కొనలేం" అన్నాను.

"ఆగిపోయేదైతే ఇప్పుడే ఆగిపోనీ. పద్దెనిమిదో రోజున ఆగితే ఏం చేస్తావు?"

మండపం హాలు దృశ్యం లెక్కకు పెట్టింది. పక్కనే అదే డిమ్మర్ మీద ఒక బల్బు వెలిగించారు. నాన్నగారు పిడి తిప్పారు. రెండు వందలు. నూట ఎనభై. బల్బు పసుపుపచ్చగా మారింది. పాత కంప్యూటర్ అయితే అక్కడే పోయేది. నూట అరవై.

"చాలు నాన్నగారూ" అన్నాను.

"ఇంకా దించండి" అంది చెల్లెలు.

నూట నలభై దగ్గర బల్బులో ఎర్రటి తీగ మాత్రమే కనిపించింది. తెరమీద హాలు స్తంభాలు ఒక్కొక్క గడి చొప్పున నిండుతూనే ఉన్నాయి. నాన్నగారు తెర వైపు చూడలేదు. మీటరు వైపు చూశారు.

"వోల్టేజి తగ్గేకొద్దీ ఇది కరెంటు ఎక్కువ లాగుతోందమ్మా. మనింట్లో వైరు వేడెక్కుద్ది" అన్నారు.

ఆ సాయంత్రమే ఇంట్లో మీటరు నుంచి ఆమె బల్ల దాకా లావు రాగి వైరు వేశారు.

ఆమె కూడా ఒక పొరపాటు చేసింది, అది కూడా చెప్పాలి. వేడి తగ్గుతుందని అందరిలాగే క్యాబినెట్ తలుపు తీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టింది. మా ఊళ్లో పొద్దుగూకితే వెలుతురున్న చోటల్లా చెరువుల పురుగులు. రెండో రోజుకి అవి ప్రాసెసర్ ఫ్యానులో చేరి, ఫ్యాను ఆగి, కంప్యూటర్ ఆగింది. అంత పరీక్షించి పురుగుల్ని మరిచిపోయినందుకు తనను తానే తిట్టుకుంది. బ్రష్షుతో దులిపి, తలుపు బిగించి, చేపపిల్లల్ని ఉంచే సన్నటి వల ముక్క కత్తిరించి గాలి రంధ్రాలకు అడ్డంగా కట్టింది. మళ్లీ ఆగలేదు.

పంతొమ్మిదో రోజున ఇంజినీరు గారు మా ఇంటికి వచ్చి వీడియో రెండుసార్లు చూశారు.

"బాగుందమ్మా. స్తంభం రంగు ఒక్కటి మార్చు. మార్చి, వచ్చే వారం ఆఫీసుకి రా, ఇంకో మూడు ప్లాన్లున్నాయి" అన్నారు. తర్వాత బల్ల కింద క్యాబినెట్ వైపు వంగి, "ఈ ఊళ్లో, ఈ కరెంటు మీద ఎలా చేశావు? విజయవాడలో కొన్నారా ఇది?" అని అడిగారు.

"ఏలూరులోనేనండీ. భాగాలు నేను చూసుకున్నాను. బిగించింది మా అన్నయ్య" అంది.

బిగించడం ఎవరైనా చేయగలరు. ఆయనకూ అది తెలుసు. అయినా నా వైపు చూసి తల ఊపారు.

నాన్నగారికి ఒక అలవాటుండేది. తాను చుట్టిన మోటారు ఒకసారి చెరువు నిండా నీరు తోడాకే, చెరువు దగ్గరికి వెళ్లి దాని మీద ఎర్ర పెయింటుతో, ఎంత వోల్టేజిలో నిలిచిందో ఆ అంకె, పక్కన తన పేరులో మొదటి అక్షరం రాసేవారు. పనిచేయకముందు రాసేవారు కాదు. ఇంజినీరు గారు వెళ్లిపోయాక ఆయన షాపు నుంచి పెయింటు డబ్బా, సన్న కుంచె తెచ్చారు. క్యాబినెట్ ముందు కూర్చున్నారు. కుంచె ముంచి, ఆగి, చెల్లెలి వైపు చాచారు.

"ఇది నేను చుట్టింది కాదు కదమ్మా. నువ్వు రాసుకో."

ఆమె నూట నలభై అని రాసి, పక్కన తన అక్షరం రాసింది.