పడిశమని చెప్పిన సాయన్న

నాంపల్లి స్టేషను వెనక గల్లీల్లో బర్రెలు సాకేవాళ్లు ఇంకా కొందరున్నారు. రేకుల షెడ్డు, రెండు మూడు బర్రెలు, నీళ్ల తొట్టి. అంతే వాళ్ల పాడి. వాళ్లందరికీ సాయన్న తెలుసు. అతను పశువుల డాక్టరు కాదు, ఆబిడ్స్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్సుకు వాచ్‌మన్. చిన్నప్పుడు సిద్దిపేట దిక్కు ఊళ్లో పసులు కాసినవాడు కాబట్టి మూగజీవాలకు మందు తాగించడంలో అతని చేతికి పేరుంది. ఎంత మొండి బర్రెకైనా తల ఎత్తిపట్టి, దవడ పక్క నుంచి గొట్టం పెట్టి గుక్కగుక్కగా పోసేవాడు. చుక్క కింద పడేది కాదు. "సాయన్న పోస్తే దూడ దగ్గనన్న దగ్గదు" అనేవాళ్లు. ఆ మాట కోసమే అతను డ్యూటీ దిగి, నిద్ర కూడా మానుకుని గల్లీలన్నీ తిరిగేవాడు.

జమున అతన్ని అన్నా అని పిలిచేది. వరసకేమీ కాదు. భర్త పోయాక రెండు బర్రెలతో ఇల్లు నెట్టుకొస్తూ, ఆబిడ్స్ చాయ్ హోటళ్లకు పాలు పోసేది. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తున్న చలి రోజుల్లో ఆమె పెద్దబర్రె ఆడదూడను ఈనింది. నల్లగా నిగనిగలాడే దుడ్డె. దానికి కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోయమని సాయన్నను పిలిచింది.

ఆ పొద్దున సాయన్న పాత వెదురు గొట్టం పగిలిపోయి ఉంది. కాంప్లెక్సులో కరెంటు పని చేసేవాళ్లు వదిలేసిన ప్లాస్టిక్ పైపు ముక్కను ఏటవాలుగా కోసి పట్టుకొచ్చాడు. అంచు గరుకుగా ఉందని వేలికి తెలిసింది. రాయికేసి అరగదీయాలనుకున్నాడు, తీయలేదు. దుడ్డె తల ఎత్తిపట్టే సరికి ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని సూపర్‌వైజరుతో మాట్లాడుతూనే మందు పోశాడు. దుడ్డె ఒక్కసారి విదిలించుకుంది. గొట్టం లోపలికి దిగిపోయింది. సాయన్న లాగేశాడు. కొసకు నెత్తురంటింది. జమున అప్పుడు అవతల గడ్డి వేస్తోంది. అతను గొట్టాన్ని పంచెకు తుడుచుకుని, "అయిపోయింది చెల్లే" అన్నాడు.

తరవాత దుడ్డె పాలు సరిగ్గా తాగడం మానేసింది. నోటి నుంచి సొంగ కారింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతులో గుర్రుమని చప్పుడు. జమున సాయన్న కోసం కాంప్లెక్సు మెట్ల దగ్గరికే వచ్చింది.

"అన్నా, దుడ్డెకు ఏందో అయింది. డాక్టరమ్మను పిలువాల్నా?"

డాక్టరు వస్తే ముందుగా అడిగేదేమిటో సాయన్నకు తెలుసు. గొంతులో ఎవరేం పెట్టారని అడుగుతుంది.

"డాక్టరెందుకే? చలికి పడిశం పట్టింది. నీలగిరి తైలం ఏసి ఆవిరి పట్టు. రెండు రోజులల్ల తగ్గుతది."

జమున నమ్మింది. చెప్పింది సాయన్న కదా. బకెట్టులో వేడినీళ్లు కాచి, పాత దుప్పటి కప్పి, దుడ్డె మొహం పట్టుకుని తానూ ఆ ఆవిరిలో కూర్చుంది. సాయన్న వచ్చి చూసి, "ఔ, గట్లనే పట్టు" అన్నాడు. అన్నాక అక్కడ నిలబడలేకపోయాడు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే ఆ గుర్రుగుర్రు చెవుల్లోనే ఉంది. రేపు చెబుదామనుకున్నాడు. తెల్లారి చూస్తే చప్పుడు కాస్త తగ్గినట్టే అనిపించింది. ఇంక చెప్పడమెందుకులే అనుకున్నాడు. నిజానికి తగ్గింది చప్పుడు కాదు, దుడ్డె ఓపిక.

ఆ మర్నాడు దుడ్డె మెడ చాచి, నాలుక బయటపెట్టి నేల మీద వాలిపోయింది. జమున ఇంకెవరినీ అడగకుండా పశువుల డాక్టరు సోఫియాకు ఫోను చేసింది. సికింద్రాబాదు నుంచి స్కూటరు మీద వచ్చిందామె. సంగతి తెలిసి సాయన్న కూడా పరుగెత్తుకొచ్చాడు. రాకుండా ఉంటే బాగుండునని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

సోఫియా దుడ్డె నోరు వాసన చూసి మొహం చిట్లించింది. కుళ్లు వాసన. జ్వరం చూసింది. ఛాతీకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.

"ఊపిరితిత్తులు ఇంకా చెడలేదు. అడ్డమంతా పైన, గొంతులనే ఉంది. జమునా, ఇది ఏమన్న మింగిందా? దీని నోట్ల ఎవరన్న ఏమన్న పెట్టిన్రా?"

"ఏం లేదు మేడమ్. నట్టల మందు పోసినం. గది కూడ సాయన్నే పోసిండు. ఆయన చెయ్యి మంచిది."

"జర మంచిగ యాది చేసుకోండ్రి. ఏదన్న ఇరుక్కుంటే నోట్ల చెయ్యి పెట్టి తియ్యాలె. ఏమీ ఇరుక్కోలేదనుకో, ఇప్పుడు చెయ్యి పెట్టుడే దీని ప్రాణం మీదికి వస్తది. గొంతు వాచిపోయి సందు లేదు."

దుడ్డె గాలి కోసం ఎగబీల్చింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోయింది. తల్లి బర్రె పలుపు తెంపుకునేలా గుంజుతోంది. సోఫియా చేతికి తొడుగు వేసుకుంటోంది.

"చెయ్యి పెట్టకు మేడమ్," అన్నాడు సాయన్న. "ఏం ఇరుక్కోలే. గాయమది. నా గొట్టం తాకింది. నెత్తురు గూడ వచ్చింది. నేను చూసిన."

జమున తలెత్తి అతన్ని చూసింది.

"చెప్పేటందుకు ఇన్ని రోజులా?" అంది సోఫియా. అంతకు మించి మాట్లాడే తీరిక ఆమెకు లేదు. మెడ ముందు వెంట్రుకలు గొరిగి, మత్తు సూది వేసి, వాపుకు కింద శ్వాసనాళానికి కోత పెట్టి చిన్న గొట్టం అమర్చింది. సాయన్న తల కదలకుండా పట్టుకున్నాడు. గొట్టంలోంచి బుస్సుమని గాలి వచ్చింది, నెత్తుటి తుంపరలు అతని మొహం మీద పడ్డాయి. దుడ్డె కళ్లు మెల్లగా నిలకడకొచ్చాయి.

"గాయంల చీము పట్టింది," అంది సోఫియా చేతులు కడుక్కుంటూ. "ఆ రోజే పిలిస్తే సూదులతోటి పోతుండె. మెడ కోసేదాక రాకపోతుండె."

ఆమె వెళ్లాక జమున అడిగింది. "పడిశమన్నవు గదనే?"

సాయన్న వంగి నేల మీది నెత్తుటి గుడ్డలు ఏరసాగాడు.

మెడలోని గొట్టం మూసుకుపోకుండా రోజూ శుభ్రం చేయాలి. ఆ పని సాయన్న తీసుకున్నాడు. డ్యూటీ దిగగానే వచ్చి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లలో గుడ్డ ముంచి తుడిచేవాడు. జమున వద్దనలేదు, రమ్మనీ అనలేదు. చాయ్ ఇవ్వడం మానేసింది. గొట్టం ఉన్నన్నాళ్లూ దుడ్డెకు గొంతు రాలేదు. ఆకలైతే నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. తల్లి బర్రె దాన్ని పక్కనే పెట్టుకుని కూడా, అరుపు వినబడక అటూ ఇటూ వెతికేది. సాయన్నకు అన్నిటికంటే అదే కష్టమనిపించింది.

దుడ్డె బతికింది. గొట్టం తీసేశాక పుండు మానింది. అరుపు మాత్రం బొంగురుగా, తెగితెగి వచ్చింది. పరుగెత్తితే ఇప్పటికీ గురక పెడుతుంది.

ఈ సంగతి తెలియక అఫ్జల్‌గంజ్ నుంచి వెంకటనర్సయ్య అనే పాడి మనిషి మందు పోయడానికి రమ్మని ఫోను చేశాడు. సాయన్న రానన్నాడు. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు.

"గంతేనా? అందరికీ అయితది సాయన్నా, ఫికర్ చెయ్యకు, రా" అన్నాడు వెంకటనర్సయ్య నవ్వుతూ. ఆ నవ్వు సాయన్నకు ఊరట కాలేదు. దుడ్డె వెంకటనర్సయ్యది కాదుగా. ఆ తరవాత సాయన్న ఎవరి పశువుకూ మందు పోయలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు జమున గడ్డిమోపు దింపుతుంటే సాయన్న సాయం పట్టాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"కోపం ఇంకా పోలేదా చెల్లే?"

జమున మోపు కట్టు విప్పి గడ్డి విడదీసింది.

"గొట్టం తాకినందుకు కోపం ఎన్నడో పోయింది. చేతుల పని, అయితది. పడిశమన్నవు సూడు, నేను దాన్ని పట్టుకొని ఆవిరిల కూసున్న. నువ్వు గాడనే నిలబడి సూసినవు. గది పోతలేదు."

సాయన్న తలూపాడు. మిగిలిన గడ్డి తొట్లోకి సర్ది, డ్యూటీకి ఆబిడ్స్ వైపు నడిచాడు.