పొట్లకాయకు కట్టిన రాయి

ఇలా దగ్గరకు జరగండి, చాప మీద బోలెడు చోటుంది. ఒలుచుకునే చిక్కుడుకాయలుంటే ఇటే తెచ్చుకోండి, చేతుల పని చేతులది, చెవుల పని చెవులది. మా పెరట్లో రాళ్ళు కాసిన సంగతి చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరేళ్ళు అద్దె గదుల్లో ఉన్నాక, ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వెళ్ళే వైపు స్థలం కొని చిన్న ఇల్లు వేసుకున్నాం. ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి కాలనీ అంటే సున్నంతో గీసిన గీతలు, హద్దురాళ్ళు, కేకేస్తే వినపడీ వినపడనంత దూరాన నాలుగిళ్ళు. అంతకు ముందు అదంతా ద్రాక్షతోట. తీగలు పోయాయి గానీ, తీగల్ని మోసిన రాతి స్తంభాలు అక్కడక్కడ ఒంటరిగా నిలబడి ఉండేవి. ఆ తోట అమ్మిన పెద్దాయన రోజూ తన నేల ఎవరెవరిదైందో చూసుకుంటున్నట్టు కర్ర పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు.

ఇంటి వెనక కాస్త నేల మిగిలింది. అక్కడ రెండు గదులు వేసి అద్దెకివ్వాలని మా ఆయన. అక్కడ పందిరి వేసి, దాని కింద చల్లగా కూర్చోవాలని నేను. మాది కృష్ణ ఒడ్డు ఊరు. వెనక తలుపు తీస్తే పచ్చగా కనపడకపోతే నాకు అన్నం సయించదు.

"దసరా దాకా చూస్తానోయ్. అప్పటికి ఇక్కడ పచ్చగా ఏదీ లేకపోతే మేస్త్రీని పిలుస్తాను. మళ్ళీ మొహం ముడుచుకోకూడదు," అన్నారాయన.

ఆయన ఆఫీసుకి బస్సెక్కగానే నేను గునపం పట్టేదాన్ని. గుచ్చితే ఖంగుమనేది. ఎర్రటి గట్టి మొరం, దాని నిండా రాళ్ళు. ఎన్ని తీసినా మర్నాటికి మళ్ళీ మొలిచినట్టే ఉండేవి. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని తవ్వాను. గోడవార రాళ్ళకుప్ప నా నడుమెత్తు లేచింది. వీధి చివరి బోరింగు కొట్టి బిందెలతో నీళ్ళు మోసి తోటకూర చల్లితే, వేలెడు మొలిచి పసుపు రంగుకు తిరిగి పడిపోయింది. 

ఆ దిగులు మీదున్న రోజునే పెద్దాయన గోడ అవతల నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"మా దొడ్డి ఖాళీగా పడుంది పెద్దయ్యా. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. నిండుగా కనపడాలి. మీరే ఏదో ఒక దారి చూపించాలి," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "దొడ్డి నింపుడేనా? రేపు పొద్దుగాల్నే చూడు!"

మంచి విత్తనాలో, నాలుగు మొక్కలో తెస్తాడనుకున్నాను. తెల్లారి తలుపు తీస్తే రెండు గేదెలు! వాటి వెనక గడ్డి మోపుతో పెద్దాయన.

"దొడ్డి ఖాళీ ఉన్నదంటివి గద బిడ్డా, బర్రెలను తోలుకొస్తి."

మా వైపు దొడ్డి అంటే పెరడు. వాళ్ళకేమో పశువుల్ని కట్టేసే చోటు! ఆ సంగతి తెలిసేసరికి ఒక గేదె అప్పటికే లోపలికొచ్చి నా రాళ్ళకుప్పకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

"ఇల్లు కట్టింది మనకా, గేదెలకా?" అని మా ఆయన పళ్ళు తోముకునే పుల్ల చేత్తో పట్టుకుని అరిచారు.

పెద్దాయన చిన్నబోయాడు. "నాదే తప్పు సారూ. నా కొట్టం మీదికెల్లి రోడ్డు గీసిండ్రు. వీటిని ఏడ కట్టేయాల్నో తెల్వక పరేషానైతున్న. బిడ్డ పిలిచిందనుకున్న," అని గేదె తాడు అందుకోబోయాడు.

గేదె సరిగ్గా అప్పుడే బుట్టెడు పేడ వేసింది. నేను ఆ పేడ వంక చూశాను, నా మొరం వంక చూశాను.

"ఉండనీయండి పెద్దయ్యా. కొట్టం వేసుకునేదాకా ఇక్కడే కట్టేసుకోండి. పేడ మాత్రం నాకు," అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "పేడకు దొడ్డి కిరాయికిచ్చిన మొదటి మనిషివి నువ్వే బిడ్డా!"

ఎండాకాలమంతా గోతులు తవ్వి పేడా, రాలిన ఆకూ, పొయ్యి బూడిదా పోసి మాగనిచ్చాం. తోట రాతిస్తంభాలు నాలుగు పెద్దాయనే మోయించి తెచ్చి పాతించాడు, పైన ద్రాక్షపందిరి పాత ఇనపతీగె లాగి కట్టాడు. తొలకరి పడగానే గేదెలు కొత్త కొట్టానికి వెళ్ళిపోయాయి. గోతుల్లో పొట్ల విత్తనాలు పెట్టాను.

ఇక చూడండి! శ్రావణానికి తీగ స్తంభమెక్కింది, భాద్రపదానికి పందిరి కమ్మింది. తెల్లటి పూలు, వాటి వెనకే పిందెలు. పొట్లపిందెను ఊరికే వదిలేస్తే వంకర తిరుగుతుంది, కొసకు రాయి కట్టాలి. రాళ్ళకేం కొదవ? ఏ రాళ్ళ వల్ల నా చేతులు బొబ్బలెక్కాయో, వాటినే ఏరి దారంతో కట్టాను.

దసరా ముందు ఆదివారం మా ఆయన మేస్త్రీని వెంటబెట్టుకొచ్చారు. అప్పటికి వారం రోజులుగా ఆయన పందిరి కిందే కాఫీ తాగుతున్నారు గానీ, గదుల సంగతి మాత్రం తేల్చలేదు.

మేస్త్రీ పందిరి కింద నిలబడి తలెత్తాడు. "ఇదేంది సారూ, మీ తీగకు రాళ్ళు కాసినయ్?"

"మా ఆవిడ కాయించింది," అన్నారు మా ఆయన. మేస్త్రీ చేతిలో టేపు లాక్కుని, అన్నిటికంటే పొడుగు పొట్లకాయ పక్కన పట్టి కొలిచారు. "నాలుగడుగుల పైన బెత్తెడుంది, చూశావా!" అని వాడికి చూపించారు, తనే కాయించినట్టు.

"మరి గదులు ఏడ ఎయ్యాలె?"

"గదులొద్దయ్యా. మిగిలిన ఆ రాళ్ళతో పందిరి చుట్టూ అరుగు కట్టు. కూర్చోవడానికి చోటు చాలడం లేదు."

నేను వంటింట్లోకి పరిగెత్తి, కళ్ళు తుడుచుకుని, అందరికీ మజ్జిగ తెచ్చాను.

అరుగు మీద మొదట కూర్చున్నది పెద్దాయన. చుట్టూ చూసి, "దొడ్డి నిండిందా బిడ్డా?" అన్నాడు.

"నిండింది పెద్దయ్యా," అన్నాను.

మీ వెనక తలుపు తీసినప్పుడల్లా పచ్చగా కనపడాలి. మీ అరుగు మీద మనుషుల సందడి తగ్గకూడదు. మీకు కూరకు కోసుకోగా, పక్కింటికి పంపడానికి మీ పందిరికి ఎప్పుడూ ఇంకో కాయ వేలాడుతుండాలి.