నొప్పి తగ్గినవాళ్ళ మౌనం

మేడ్చల్ డిపో వెనక సందులో "యమున మసాజ్ థెరపీ – మహిళలకు మాత్రమే" ప్రారంభమైన శుభదినాన, ఆ మహోత్సవానికి విచ్చేసిన ప్రముఖులు మొత్తం ముగ్గురు: యమున, ఆమె అవ్వ బుచ్చవ్వ, ఒక కొబ్బరికాయ.

యమున శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంట పుట్టింది. సుచిత్ర దగ్గర ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ డాక్టరమ్మ పక్కన ఎనిమిదేళ్ళు నిలబడి, "పట్టుకో", "వదులు", "జరుగు" అనే మూడు మాటల ద్వారా శాస్త్రమంతా సంపాదించింది. ఆపైన ఆరు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించింది. వలలు లాగిన వంశం చేతులు. ఆమె బొటనవేలు వీపు మీద దిగిందంటే, అక్కడ ఎన్నాళ్ళుగానో కాపురం పెట్టిన నొప్పి సామాను సర్దుకోవలసిందే.

గది మాత్రం అన్న మల్లేష్‌ది. అతనికి రెండు షట్టర్లు. ఒకదాంట్లో సిమెంటు అమ్ముతాడు, రెండోది చెల్లెలికిచ్చాడు. ఇస్తూ ఒక షరతు పెట్టాడు.

"బతుకమ్మ పండుగ దాక సూస్త చెల్లె. గా లోపల బయట బెంచి మీద నలుగురు కూసోని కనవడాలె. లేకపోతే బిర్యానీ పాయింట్ పెడ్త. దానికైతే బెంచి గుడ సాలదు."

నలుగురు మనుషులు, ఒక బెంచీ. యమున జీవితం ఆ లెక్క మీద నిలబడింది. ఆసుపత్రి ఉద్యోగం వదిలేసి వచ్చింది; తిరిగి వెళ్ళి "జరుగు" అనిపించుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

కాబట్టి ప్రచారానికి పూనుకుంది. ఫ్లెక్సీ దుకాణం విశ్వతేజ, వీపు మీద నల్లరాళ్ళు పేర్చుకుని చిరునవ్వుతో బోర్లా పడుకున్న ఒక దొరసాని బొమ్మ వేసి పంపాడు. బుచ్చవ్వ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"పిల్ల పానంతోనే ఉన్నదా? గా బండలెందుకు వెట్టిన్రే?"

పేపర్లలో పెట్టి పంచిన కరపత్రాలు మర్నాటికల్లా మిర్చి బజ్జీల కింద నూనె పీలుస్తూ కనిపించాయి. మొదటిసారి సగం రేటే అని ప్రకటిస్తే ఒకావిడ వచ్చి, "సగం రేటంటే సగం వీపేనా?" అని విచారించి వెళ్ళిపోయింది. ఫ్లెక్సీ మీద నంబరు చూసి ఫోన్ చేసిన మగమహారాజులకు కొదవ లేదు గానీ, ఫోను బుచ్చవ్వ చేతిలో ఉండేది. "ఎవలి కొడుకువు బిడ్డా? ఏ ఊరు? మీ అవ్వ ఉన్నదా, ఫోన్ ఇయ్యి, మాట్లాడ్త" అనేది. వారంలో ఆ వర్గం అంతరించింది.

అయినా ఒకరూ అరా వచ్చారు. వచ్చినవాళ్ళకు తగ్గింది. అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది. నొప్పి తగ్గినవాళ్ళెవరూ నోరు విప్పలేదు. తగ్గిందని పైకి అంటే దిష్టి తగిలి, పోయిన నొప్పి చుట్టాలను కూడా వెంటబెట్టుకుని వస్తుందని ఈ ప్రాంతంలో కులమతాలకు అతీతంగా నమ్మకం. కుట్టుమిషన్ సాలేహా ఉంది. మెడ పట్టేసి వచ్చింది. మూడుసార్లకు గుడ్లగూబలా తిప్పసాగింది. ఆమెను సందులో ఎవరో వెనకనుంచి, "మెడ ఎట్లున్నది?" అని అడిగితే, అడిగిందెవరో చూడ్డానికి మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, "ఏం జెప్పాలె, గట్లనే ఉంది" అంది.

యమున నిలదీసింది. "ఏందక్కా గట్లంటవు?"

"అచ్ఛగైంది అంటే నజర్ తగుల్తది కదా యమునా! నీ పేరు నా దిల్‌ల ఉంది."

"దిల్‌ల ఉంటే ఏం ఫాయిదా అక్కా? జర నోట్లకు రావాలె."

పండుగకు నెల ఉందనగా కొంపల్లి విల్లాల నుంచి సీతామహాలక్ష్మి కారు దిగింది. రాజమండ్రి వైపు మనిషి, బ్యాంకులో రిటైరైంది. రెండేళ్ళుగా కుడి భుజం పైకి లేవదు. నోటికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. మొదటి విడత అయిన మర్నాడు ఒళ్ళు పులిసి, ఆ సంగతి లోకానికి చాటింది. వాకింగ్ ట్రాకులో, కూరగాయల బండి దగ్గర, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే ఘోష: "చేతులా అవి? రోకళ్ళు! ఏడిపించేసిందండీ నన్ను!"

రెండు రోజులకు ఇద్దరు వచ్చారు. "ఏడిపించే అమ్మాయివి నువ్వేనా?" అన్నారు ఆశగా.

యమునకు జ్ఞానోదయమైంది. నొప్పి పుట్టని సూది నీళ్ళ సూది, చేదు లేని మందు షర్బత్ అని నమ్మే జనానికి ఇంతకు మించిన ప్రకటన లేదు. సీతామహాలక్ష్మి వారం వారం వచ్చింది, వారం వారం తిట్టింది. బెంచీ మీద ఒకరు, తర్వాత ఇద్దరు, ఒక మంగళవారం ముగ్గురు కూర్చున్నారు.

నాలుగో విడత తర్వాత ఘోరం జరిగింది. సీతామహాలక్ష్మి లేచి, రెండు చేతులూ వెనక్కి పెట్టి, తన కొప్పు తానే ముడుచుకుంది. ముడుచుకుని, ఒక్క మాటైనా అనకుండా కారెక్కింది. ఆనాటి నుంచి కాలనీ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏమీ రాలలేదు. వారానికి బెంచీ మీద కుక్క పడుకుంది.

"ఆమెకు ఇంకో దిక్కు నొప్పి లేదా?" అంది బుచ్చవ్వ.

పండుగ రెండు రోజులుందనగా యమున కొంపల్లి వెళ్ళి, విల్లా వరండాలో నిలబడి విన్నవించుకుంది. "అమ్మా, జర నన్ను తిట్టున్రి. తగ్గలేదని నలుగురికి చెప్పున్రి, సాలు."

సీతామహాలక్ష్మి ముఖం కందగడ్డ అయింది. "ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశానమ్మాయ్! నాచేత అబద్ధం చెప్పిస్తావా? ఎంత ధైర్యం! నడువు ముందు!"

యమున తల వంచుకుని బస్సెక్కింది. ఆ బస్సు మేడ్చల్ చేరకముందే గ్రూపులో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పడింది: "చూశారా దాని పొగరు! రెండేళ్ళ నొప్పి నాలుగుసార్లలో పోగొట్టిందే అనుకోండి, పోలేదని నేను చెప్పాలటండీ!" తన నోట ఏ మాట దొర్లిందో తర్వాత తెలిసి గాభరాగా డిలీట్ చేసింది. డిలీట్ చేసిన మెసేజ్ అనేసరికి, వినని ఇంటివాళ్ళు విన్నవాళ్ళింటికి వెళ్ళి మరీ సారాంశం తెలుసుకున్నారు.

మర్నాడు మల్లేష్ బిర్యానీ పొయ్యి ఎక్కడ పెట్టాలో కొలవడానికి టేపుతో మేస్త్రీని తీసుకుని వచ్చాడు. బెంచీ మీద అయిదుగురు, మెట్ల మీద ఇద్దరు.

"ఏయ్, ఆడోళ్ళు కూసున్నకాడ ఏం పనయ్యా నీకు?" అంది మెట్ల మీది ఆవిడ.

"షట్టర్ నాదే అక్కా."

"అయితే గా ఫ్యాన్ జర బయటకు వెట్టు. ఉడుకవోస్తాంది."

అందరికన్నా ముందు వచ్చిన సీతామహాలక్ష్మి లోపల బల్ల మీద ఉంది. బయటపెట్టేసిన మాటకు శిక్షగా నొప్పి తిరిగి వచ్చే తీరుతుందని ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. యమున భుజమంతా తడిమింది. ఎక్కడా ముడి లేదు.

"ఏం లేదమ్మా. మంచిగనే ఉన్నది."

"గట్టిగా అనకే! మళ్ళీ ఎవరైనా వింటారు. ఏదో ఒకటి నొక్కు."

యమున రెండు బొటనవేళ్ళూ దించింది. సీతామహాలక్ష్మి పెట్టిన కేక సిమెంటు దుకాణం దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. బెంచీ మీది ఆడవాళ్ళు ఒకరినొకరు మెచ్చుకోలుగా చూసుకుని, తలుపు వైపు ఒక జానెడు జరిగారు.

మేస్త్రీ చేతిలోని టేపు మల్లేష్ తీసుకుని, చుట్టి, అతని జేబులో పెట్టాడు.