కర్చీఫ్ వేసిన మాటలు

మా నందిగామ కాలేజీలో కంప్యూటరు గ్రూపుకు జావా చెప్పే కుర్రాడు సెమిస్టరు మధ్యలో హైదరాబాదు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, ఇకనుంచి జావా మీరు చెప్పండి మాస్టారూ అన్నారు. నేను కామర్సు మనిషిని. నాకు తెలిసిన జమాఖర్చుల్లో జావా ఏ పద్దు కిందకీ రాదు. ట్రై చేస్తానండి అన్నాను. మా జగ్గయ్యపేటలో ట్రై చేస్తానంటే చెయ్యనని అర్థం. పెళ్ళికి రమ్మన్నా, పందిరికి చందా ఇమ్మన్నా మేం చెప్పే మర్యాదైన జవాబు అదే. ప్రిన్సిపాల్ గారిదీ ఈ ప్రాంతమే. అయినా ఆ పూట ఆయనకు ఆ మాట ఉన్నదున్నట్టుగా వినపడింది. మర్నాటికి టైంటేబుల్ మారిపోయింది.

గట్టిగా కాదనడానికీ లేదు. ఆ ఏడు కామర్సులో చేరిన పిల్లలందరూ ఒక్క ఆటోలో పట్టేస్తారు. వచ్చే ఏడు ఆ గ్రూపు ఎత్తేస్తారని ప్యూనుకు కూడా తెలుసు. జావా చెప్పగలిగితే కాలేజీలో ఉంటాను, లేకపోతే ఇంట్లో ఉంటాను. నేను ఇంట్లో ఉండటం మీద మా ఆవిడ అభిప్రాయం జావా కంటే కఠినం.

పైగా శనివారం కరస్పాండెంటు గారే వచ్చి నా పాఠం వింటారన్నారు. నచ్చితే నేను, నచ్చకపోతే మైలవరం నుంచి ఇంకెవరో. కరస్పాండెంటు గారిది వత్సవాయి వైపు పత్తి వ్యాపారం. మంచి మనిషి. ఏది నచ్చినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, సూపర్. కొత్త బెంచీలు సూపర్. క్యాంటీన్ ఉప్మా సూపర్. ఒకసారి ఎవరిదో సంతాప సభలో కూడా ఏర్పాట్లు సూపర్ అన్నారు. నాకు కావలసిందల్లా ఆ రెండున్నర అక్షరాలే.

పుస్తకం తెరిస్తే మొదట్లోనే రిజర్వుడు కీవర్డులు ఎదురయ్యాయి. క్లాస్, న్యూ, వాయిడ్, రిటర్న్ లాంటి కొన్ని మాటల్ని జావా తన వాడకానికి అట్టే పెట్టుకుందట. మన ప్రోగ్రాములో వాటిని దేనికీ పేరుగా పెట్టకూడదట. ఇదే పిల్లలకు చదివి వినిపించాను. వాళ్ళు నా వంక చూశారు, నేను పుస్తకం వంక చూశాను. వాయిడ్ అంటే ఏమిటని వెనక బెంచీలో ఒకడు అడిగాడు. తిరిగి ఏమీ ఇవ్వనిది అన్నాను. వాడు తల పంకించి వాయిదా అని రాసుకున్నాడు. దిద్దాలనుకున్నాను గానీ, నా అనుభవంలో అదేమంత తప్పు కాదు.

మర్నాడు జగ్గయ్యపేట బస్టాండులో దారి దొరికింది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, ఒక టిఫిన్ క్యారేజీ లోపలికి వెళ్ళిపోయాయి. నేను ఎక్కి ఖాళీగా కనపడ్డ సీట్లో కూర్చోబోతే వెనక ఒకావిడ, కర్చీఫ్ ఉంది చూసుకోండి అంది. నందిగామ దాకా నిలబడే వెళ్ళాను. నిలబడి అంత సంతోషంగా ప్రయాణం చేయడం అదే మొదలు.

ఆ పూట క్లాసులో చెప్పాను. యాభై దాకా మాటల మీద జావా ముందే కర్చీఫ్ వేసేసింది, మనం ఎక్కేసరికి అవి ఖాళీగానే కనపడతాయి, కూర్చోబోతే గొడవవుతుంది. క్లాసంతా తలూపింది. వీరులపాడు నుంచి వచ్చే అమ్మాయి మాత్రం లేచింది. గోటూ, కాన్స్ట్ అని రెండు మాటల్ని జావా దేనికీ వాడుకోదట, మనల్నీ వాడుకోనివ్వదట, మరి అవెందుకని అడిగింది. నేను నోరు తెరిచేలోపు తనే అంది.

"కర్చీఫ్ వేసి బస్సెక్కనోళ్ళా సార్?"

అంతకంటే బాగా నేను చెప్పలేను కనుక అవునన్నాను.

శనివారం కరస్పాండెంటు గారు ల్యాబులో వెనక కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు పక్కన నిలబడ్డారు. కర్చీఫ్ పాఠానికి కరస్పాండెంటు గారు బాగానే నవ్వారు. దాంతో నాకు లేనిపోని ధైర్యం వచ్చి, మీ ఎదురుగా ఒక ప్రోగ్రాము చేయిస్తానన్నాను. వీరులపాడు అమ్మాయి కీబోర్డు ముందు కూర్చుంది. క్లాసులో అందరికంటే ఎక్కువ వచ్చిన మార్కును దాచడానికి ఒక డబ్బా లాంటిది కావాలి, దానికో పేరు పెట్టాలి. ఆ పేరు మీ చేత్తో మీరే పెట్టండని ఆయన్ని అడిగాను. అడక్కపోతే పోయేది.

"సూపర్ అని పెట్టమ్మా," అన్నారాయన.

అమ్మాయి నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. ఆమె కొట్టింది. తెర మీద ఆ మాట కింద ఎర్ర గీత పడింది.

"ఏమైంది?"

"అది రిజర్వుడండి," అంది అమ్మాయి. "జావా కర్చీఫ్ వేసేసింది."

"సూపర్ మీద కూడానా? దేనికంట?"

నేను అందుకున్నాను. జావాలో ఒక క్లాసుకు ఇంకో క్లాసు పిల్లగా పుడుతుందని, ఆ పిల్ల తనను కన్న క్లాసును పిలవాలంటే సూపర్ అనాలని, ఆ మాట ఇక దేనికీ వాడకూడదని చెప్పాను.

"మావోడు నన్ను ఏనాడూ అన్లేదే," అన్నారాయన.

ఆయన మొహం చూసి అమ్మాయికి జాలేసింది. మొదటి అక్షరం పెద్దది పెడితే ఒప్పుకుంటుందని చేసి చూపించింది. నిజంగానే ఎర్ర గీత పోయింది. గారు అంటేగానీ పలకదన్నమాట అన్నారాయన. ప్రోగ్రాము నడిచింది, మార్కు వచ్చింది. కానీ ఆయన చూపు ఇంకా ఆ మాట మీదే ఉంది.

గంట కొట్టారు. ఆయన లేచారు. ప్రిన్సిపాల్ గారు, నేను, పిల్లలు ఆయన నోటి వంకే చూస్తున్నాం.

"మాస్టారూ, మీ పాఠం సూ..." అని ఆగిపోయారు.

ముందు వరసలో పిల్లలు కీబోర్డుల మీదికి తలలు వంచేశారు. ఆయన ఆ మాటను మింగి ఇంకో మాట కోసం వెతుక్కున్నారు. ఇన్నేళ్ళూ ఒక్క మాటతో సంసారం చేసిన మనిషికి రెండోది ఉన్నపళంగా ఎక్కడ దొరుకుతుంది? గోడ వంక చూశారు, ఫ్యాను వంక చూశారు. ఫ్యానుతోపాటు నా ఉద్యోగం కూడా తిరుగుతోంది. బాగుంది అనండి సార్ అని అందిద్దామనుకున్నాను గానీ, నా పాఠాన్ని నేనే మెచ్చుకున్నట్టుంటుందని ఊరుకున్నాను.

"పర్లేదు," అని వెళ్ళిపోయారు.

వరండాలో ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకు లాగారు. పర్లేదంటే మీరున్నా పర్లేదనా, పోయినా పర్లేదనా అని నన్నే అడిగారు. అది జమో ఖర్చో నాకూ తేలలేదన్నాను. ఇద్దరం కాసేపు ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాం. మా వైపు పెళ్ళి భోజనం అదిరిపోయినా పర్లేదనే అంటారు, పక్షవాతం వచ్చి లేచినవాడూ పర్లేదనే అంటాడు. చివరికి ప్రిన్సిపాల్ గారు ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"ఉండమనండి," అన్నారు కరస్పాండెంటు గారు. "మైలవరం ఆయన్ని రావద్దనండి. కానీ ఆ జావా వాళ్ళ ఆఫీసెక్కడో మాస్టార్ని కాస్త కనుక్కోమనండి. మనోళ్ళనెవరినైనా పంపి మాట్లాడిద్దాం. మిగతావన్నీ వాళ్ళే ఉంచుకోమందాం, ఆ ఒక్క మాటా వదిలేస్తే చాలు."

ప్రిన్సిపాల్ గారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆఫీసు విజయవాడలోనే ఉంటుందా మాస్టారూ అని గుసగుసగా అడిగారు.