నలభై ఎనిమిది పండ్ల చక్రం

కట్టంగూరు హైవే మీద సైదులు లేతు షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు, కాకపోతే కాస్త నవ్వుతూ చూపిస్తారు. ట్రాక్టర్లకు, మోటార్లకు అరిగిన పళ్లచక్రాలు కొత్తగా కోసిచ్చే మనిషి. చేతిలో ఎంత పనితనమో నోట్లో అన్ని కోతలు. "నేను కోసిన పన్ను వెంట్రుకంత తేడా వస్తే మళ్ల లేతు ముట్ట" అని రోజుకోసారి ఒట్టు పెడతాడు. ఒట్టుకు ఖర్చేముంది గనుక!

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది, నల్లగొండలోని ఒక కాలేజీ ల్యాబు అటెండరు డానియల్ పాత సిగ్నల్ జనరేటర్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. రేడియోలను పరీక్షించే పెట్టె అది. గుండీ తిప్పితే ముల్లు కదలాలి. లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం పగిలింది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"శనివారం తుక్కు వేలం, సైదులూ. ముల్లు సరిగ్గ తిరిగితే ఉంటది, లేకుంటే తూకానికి పోతది. ముప్పయ్యేండ్ల సంది తుడుస్తున్న దీన్ని" అన్నాడు డానియల్.

"ఫికర్ జెయ్యకన్నా. తేడా వస్తే లేతు బంద్!" అన్నాడు సైదులు. పక్కనే టీకొట్టు దగ్గర పదిమందీ విన్నారు.

పగిలిన ముక్కలను మైనంతో అతికించాడు. తీరా చూస్తే పండ్లు మరీ సన్నవి, కళ్లకు ఆనలేదు. చూపు మందగించిందంటే పరువు తక్కువని, "నా చేతులకు నూనె ఉన్నది, జర లెక్కవెట్టు" అంటూ భార్య సుక్కమ్మకు అందించాడు. ఆమె కల్లాల్లో వడ్లు కొలిచి కొలిచి పండిన మనిషి. కల్లంలో తొలి మానికను ఎవరూ 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఆ తర్వాతది రెండు. సూదిమొనతో ఒక్కో పన్నూ తడుముతూ "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టి నలభై ఎనిమిది దగ్గర ఆపింది.

సైదులు పదేళ్ల వయసులోనే పట్నం వర్క్‌షాపులో చేరినవాడు. కల్లం మొహం చూసి ఎరగడు. పని మొదలుపెట్టేముందు దండం పెట్టుకున్నట్టు లాభం అన్నదనీ, అసలు లెక్క రెండు నుంచి మొదలైందనీ అనుకున్నాడు. ఒక్కమాట అడిగితే నోటి ముత్యాలు రాలవు. అడగలేదు. ఇత్తడి మీద నలభై ఏడు పండ్లు కోశాడు.

శుక్రవారం ల్యాబులో బిగించి మంచి మీటరు పక్కన పెట్టి చూశారు. ముల్లు మొదట్లో సరిగ్గానే ఉంది. తిప్పే కొద్దీ జరిగి జరిగి, చివరికి వేలెడంత తప్పింది. డానియల్ కుర్చీలో కూలబడి పెట్టె మీది దుమ్ము తుడవసాగాడు. అది తిట్లకన్నా గట్టిగా తగిలింది.

సైదులు ఆ చక్రం ఊడదీసుకుని ఇంటికొచ్చి షట్టరు దించేశాడు. సుక్కమ్మ గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది.

"నలభై ఏడేందయ్యా? నేను చెప్పింది నలభై ఎనిమిది గదా!"

"లాభం తీసేసిన."

సుక్కమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇన్నేండ్లు నేను కొలిచి తెచ్చిన వడ్లల్ల తొలి మానికె నువ్వు తినలేదా? గది కడుపులకు పోలేదా? లే, షట్టరు లేపు. ఒట్టు సంగతి రేపు చూద్దాం, ముందుగాల డానియలన్న మిషన్ చూడు."

ఈసారి ఆమె పక్కన నిలబడి ప్రతి కోతకూ పైకి లెక్క చెప్పింది. ఆమె "లాభం" అనగానే సైదులు నోరెత్తకుండా తొలి పన్ను కోశాడు. శనివారం వేలం పాట మొదలు కాకముందే ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు మీటరుతో సమానంగా నడిచింది. డానియల్ పెట్టెను కావలించుకుని ఏడ్చాడు. సైదులు కూడా ఏడ్చాడు గానీ, కళ్లలో ఇత్తడి పొడి పడిందన్నాడు.

ఇప్పుడు ఎక్కడెక్కడి కాలేజీల నుంచో పగిలిన చక్రాలు డబ్బాల్లో వస్తుంటాయి. సైదులు ఒట్లు మానేశాడు. సుక్కమ్మ చేను కూలికి పోయిన రోజు షట్టరు ఎత్తడు. "ఏందన్నా, లేతు బంద్ వెట్టినవా?" అని టీకొట్టువాళ్లు ఆటపట్టిస్తే, తడుముకోకుండా చెబుతాడు:

"లేతు ఈడనే ఉన్నది. లెక్క పత్తి ఏరవోయింది."